ఒకే పేరు – రెండు ఫైళ్ళు

లోకంలో ప్రతి వస్తువుకూ ఒక పేరున్నది. పేరు పెట్టడాన్ని మన పెద్దలు ఎన్నడూ చిన్న పనిగా భావించలేదు. మా ఇళ్ళలో బిడ్డ పుట్టిన ఏడవనాడు అఖీఖా చేసి పేరు పెడతారు. పొరుగిళ్ళలో ఇరవైయొకటవనాడు బారసాల చేసి, పళ్ళెంలో పోసిన బియ్యంపై పేరు వ్రాయిస్తారు. ఇంత శ్రద్ధతో పెట్టిన పేరు కాగితం మీదికి ఎక్కేసరికి ఒక్కటిగా నిలవదు. 'సైదా' అనే పేరును ఒక రిజిస్టరులో 'సైదా' అనీ, మరొకదానిలో 'సయిదా' అనీ, ఇంకొకదానిలో 'సయ్యదా' అనీ వ్రాయడం మనమెరిగినదే. మనిషి ఒక్కరే, కాని కాగితాల లెక్కలో ముగ్గురు. ఆమె పింఛను కోసం వెళ్ళిననాడు, ఈమె ఆమె కాదన్న జవాబు వినవలసి వస్తుంది.

కంప్యూటరులో మనం ఫైళ్ళకు పెట్టే పేర్ల విషయంలోను ఇదే చిక్కు ఉన్నది. ఒక కంప్యూటరులో రెండుగా ఉన్న ఫైళ్ళు మరొక కంప్యూటరులో ఒకటైపోతాయి. ఒకచోట ఒక్కటిగా కనిపించిన పేరు వేరొకచోట రెండవుతుంది. ఒక యంత్రం అభ్యంతరం లేకుండా స్వీకరించిన పేరును ఇంకొక యంత్రం గడప తొక్కనీయదు. ఒంటరిగా పనిచేసేవారికి ఈ బాధ తెలియదు. పదిమంది పది రకాల యంత్రాలపై కూడి పనిచేసినప్పుడే ఇది బయటపడుతుంది. మా అనుభవానికి వచ్చిన ఒక సంఘటనను ఆధారం చేసుకొని, ఈ చిక్కులు ఎందుకు కలుగుతున్నవో, వాటిని చక్కదిద్దే మార్గమేమో విద్యార్థులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మేము తలపెట్టిన పని

కుసుమంచి అనగానే కాకతీయుల నాటి గణపేశ్వరాలయం గుర్తుకు వస్తుంది. ఆ మండలంలోనే పాలేరు జలాశయం ఉన్నది. మన జిల్లాలోనే వైరా ఏటి మీద వైరా జలాశయం ఉన్నది. ఈ ఊళ్ళ పెద్దల నోట నిలిచి ఉన్న మాటలు ఎన్నో ఉన్నవి. చెరువుల పేర్లు, చేల పేర్లు, పండుగల ముచ్చట్లు, తెలుగు ఉర్దూలు కలగలిసిన పలుకుబడులు అందులో చేరుతాయి. వాటిలో చాలా భాగం ఏ పుస్తకానికీ ఎక్కలేదు. వాటిని మన విద్యార్థులు ఫోనులో రికార్డు చేసి, విని, వ్రాత ప్రతులు సిద్ధం చేసే పనిని కొంతకాలం క్రితం ప్రారంభించాము. ఒక్కొక్క కథనం ఒక్కొక్క ఫైలు. ఎవరైనా చదువుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది తిరిగి పంపవచ్చు.

ఇటువంటి బహిరంగ పద్ధతినే ఓపెన్ సోర్స్ అంటారు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని ప్రకటించారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను లోకానికి అందించారు. తెలుగునాట స్వేచ్ఛ అనే సంస్థ ఈ భావాలను ప్రచారం చేస్తూ, సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోనికి తెచ్చే కృషి చేస్తున్నది. సాఫ్ట్‌వేర్ కోసం పుట్టిన ఈ పద్ధతి మావంటి సాహిత్య సేకరణలకూ చక్కగా పనికివస్తుంది.

మా ఫైళ్ళను గిట్ అనే సాధనంలో ఉంచాము. ఇదికూడా టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ నిర్మాణం కోసం తయారు చేసినదే. దీని గుణాన్ని తెలుగు సాహిత్య విద్యార్థులకు చెప్పాలంటే బ్రౌను దొరను తలచుకోవాలి. సి.పి.బ్రౌన్ తాళపత్ర ప్రతులను సేకరించి, ఒక గ్రంథానికి దొరికిన వేర్వేరు ప్రతులను పండితులచేత పోల్చి చూపించి, పాఠాంతరాలను గుర్తింపజేశాడు. గిట్ కూడా ప్రతి మార్పునూ ఒక పాఠాంతరంగా భద్రపరుస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఏ పంక్తిని మార్చారో చెబుతుంది. క్రొత్త పాఠం వచ్చినంతమాత్రాన పాత పాఠాన్ని చెరిపివేయదు. ఈ గుణమే తరువాత మమ్మల్ని రక్షించింది.

పెద్దబడి, చిన్నబడి

ఒక విద్యార్థిని తన దాదీ చెప్పిన పాలేరు ముచ్చట్లను వ్రాసి, ఆ ఫైలుకు ఆంగ్లాక్షరాలలో 'పాలేరు' అని పేరు పెట్టింది. మొదటి అక్షరం పెద్దబడిలో ఉన్నది. మరొక విద్యార్థి పాలేరులో చేపలు పట్టేవారి మాటలను వ్రాసి, అదే పేరును అన్నీ చిన్నబడి అక్షరాలతో పెట్టాడు. ఇద్దరూ కళాశాల ప్రయోగశాలలో లినక్స్ కంప్యూటర్లపై పనిచేశారు. లినక్స్ దృష్టిలో పెద్దబడి అక్షరం వేరు, చిన్నబడి అక్షరం వేరు. కనుక రెండు ఫైళ్ళూ ప్రక్కప్రక్కనే క్షేమంగా ఉన్నవి.

కొన్నాళ్ళకు మూడవ విద్యార్థి మొత్తం సేకరణను ఇంటిదగ్గర తన విండోస్ కంప్యూటరులోనికి దించుకున్నాడు. విండోస్ మామూలుగా పెద్దబడి చిన్నబడి తేడాను పాటించదు. దానికి ఆ రెండూ ఒకే పేరు. ఒకే పేరుతో రెండు ఫైళ్ళు ఉండరాదు కనుక డిస్కు మీద ఒక్కటే మిగిలింది. అది చేపలవారి ఫైలు. గిట్ తన జాబితా చూసుకున్నది. జాబితాలో దాదీ కథనం ఉన్నది, డిస్కు మీద ఆ పేరుతో వేరొక పాఠం ఉన్నది. అంటే ఎవరో దాదీ కథనాన్ని మార్చారని అది భావించింది. ఇది తెలియని విద్యార్థి అక్షరదోషాలు కొన్ని దిద్ది, మార్పులన్నిటినీ ఒక్కసారిగా ఆమోదించి పంపివేశాడు. ఆ క్షణం నుంచి మా సేకరణలో పేర్లు రెండూ ఉన్నవి, పాఠం మాత్రం ఒక్కటే. దాదీ మాటలు మాయమైనవి.

ఈ సంగతిని మేము నెలల తరువాత గాని గమనించలేదు. అప్పటికి ఆ వృద్ధురాలు కాలం చేసింది. రికార్డు చేసిన ఫోను పాడైపోయింది. మనుమరాలు వచ్చి "మా దాదీ మాటలు ఒకసారి చదువుకుంటాను సార్" అని అడిగినప్పుడు ఫైలు తెరిచి, చేపల వలల ముచ్చట చూచి నిశ్చేష్టులమైనాము. తరువాత గిట్ చరిత్రను తిరగవేసి, ఆ పేరుకు సంబంధించిన పాత పాఠాన్ని బయటికి తీశాము. ఒక్క అక్షరం పోకుండా దొరికింది. ఇదే పని చరిత్ర లేని పెన్‌డ్రైవుల మీద గాని, వాట్సాప్ సందేశాల మీద గాని నడిచి ఉంటే ఆ మాటలు తిరిగి వచ్చేవి కావు.

ఇటువంటి పొరపాటు మావంటి అనుభవం లేనివారికే జరుగుతుందని అనుకోరాదు. లినక్స్ మూల సంపుటిలోనే ఇది ఉన్నది. అందులో నెట్‌ఫిల్టర్ అనే విభాగంలో 'డీఎస్‌సీపీ' అనే పేరు పెద్దబడిలో ఒక ఫైలుకు, చిన్నబడిలో మరొక ఫైలుకు ఉన్నది. ఒకటి సమాచారంపై గుర్తు వేసేది, రెండవది ఆ గుర్తును పరీక్షించేది. లినక్స్ నిర్మాతలకు అది చక్కని సంకేత పద్ధతి. కాని ఆ సంపుటిని మామూలు విండోస్ లేదా మ్యాక్ యంత్రంలోనికి దించుకున్నవారికి, తాము ఏమీ ముట్టుకోకముందే కొన్ని ఫైళ్ళు మారినట్లు కనిపిస్తాయి. 2018 నుంచి గిట్ ఇటువంటి పేర్లు ఢీకొన్నప్పుడు ఒక హెచ్చరిక చూపుతున్నది. మా విద్యార్థికి కూడా చూపే ఉంటుంది. ఆంగ్లంలో వచ్చే హెచ్చరికలను చదవకుండా దాటవేయడం మనలో చాలామందికి అలవాటు.

ఈ తేడాకు మూలం చరిత్రలో ఉన్నది. 1969లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన యూనిక్స్, ఫైలు పేరును ఒక బైట్ల వరుసగా మాత్రమే చూచింది. దాని అర్థంతో గాని, రూపంతో గాని దానికి పనిలేదు. లినక్స్ ఆ దారినే నడిచింది. 1981లో వచ్చిన ఎంఎస్-డాస్ మాత్రం పేర్లన్నిటినీ పెద్దబడి అక్షరాలుగా మార్చి దాచుకునేది. పేరుకు ఎనిమిది అక్షరాలు, చివరి తోకకు మూడు అక్షరాలు మించనిచ్చేది కాదు. విండోస్ ఆ వంశంలోనిది. రెండు వంశాల ఆచారాలు వేరైనప్పుడు వియ్యం అందుకునేవారు జాగ్రత్తగా ఉండాలి.

నిషిద్ధ నామాలు

ఆ పాత వంశాచారాలలో మరొకటి నిషిద్ధ నామాలు. 'సీఓఎన్' అనే మూడక్షరాలతో విండోస్‌లో ఫోల్డరు చేయలేమన్నది మన కళాశాలల్లో చాలాకాలంగా చెప్పుకుంటున్న వింత. దానిని బిల్ గేట్స్ కూడా వివరించలేకపోయాడన్న కథ కూడా ఈమెయిళ్ళలో తిరిగింది. అందులో వింత ఏమీ లేదు. డాస్ కాలంలో ఆ మూడక్షరాలు కీబోర్డు, తెరలకు పెట్టిన పేరు. 'పీఆర్ఎన్' ప్రింటరుకు, 'ఏయూఎక్స్' అదనపు పరికరానికి, 'ఎన్‌యూఎల్' ఏమీ లేని శూన్యానికి పేర్లు. 'సీఓఎం' తరువాత, 'ఎల్‌పీటీ' తరువాత 1 నుంచి 9 వరకు అంకెలు చేర్చిన పేర్లూ ఈ కోవలోనివే. ఇంట్లో తాతగారి పేరును మనుమడికి పెడితే పిలిచినప్పుడల్లా ఇద్దరూ పలికినట్లు, ఈ పేర్లు ఫైలుకు పెడితే పరికరం పలుకుతుంది. అందుకే విండోస్ వాటిని కేటాయించి పెట్టుకున్నది.

మా సేకరణలో సహాయక క్రియల ఉదాహరణలు వ్రాసిన విద్యార్థి ఒకడు, ఆంగ్లంలో సహాయక క్రియను సూచించే పదంలోని మొదటి మూడక్షరాలను తీసుకొని ఫైలుకు 'ఏయూఎక్స్' అని పేరు పెట్టాడు. లినక్స్‌లో దానికి ఏ అడ్డూ లేదు. విండోస్‌లో ఆ ఫైలు దిగనే లేదు. చిత్రమేమిటంటే, లినక్స్ మూల సంపుటిలో నూవో అనే చిత్ర పరికరాల భాగంలోను ఇదే పేరు గల ఫైలు ఉన్నది.

విరామ చిహ్నాల సంగతి కూడా ఇంతే. ప్రశ్నార్థకం, న్యూన బిందువు, ఉల్లేఖన చిహ్నం, నక్షత్రం, నిలువు గీత, వెనుక వాలుగీత, కోణాకారపు బ్రాకెట్లు విండోస్ పేర్లలో ఉండరాదు. 'మా ఊరికి ఆ పేరెట్లా వచ్చింది?' అన్న చక్కని శీర్షికను ఒక విద్యార్థిని యథాతథంగా ఫైలు పేరుగా పెట్టింది. చివరి ప్రశ్నార్థకం ఒక్కటే దానిని సగం మంది కంప్యూటర్లలోనికి రానీయలేదు. పేరు చివర చుక్క గాని, ఖాళీ గాని ఉంటే విండోస్ దానిని మాటాడకుండా తొలగిస్తుంది.

కంటికి కనిపించని తేడాలు

ఇంతవరకు చెప్పినవి ఆంగ్లాక్షరాల చిక్కులు. మన లిపికి ప్రత్యేకమైనవి మరికొన్ని ఉన్నవి. ఇవి కంటికి కనిపించవు కనుక మరింత జాగ్రత్త అవసరం.

కంప్యూటరు అక్షరాన్ని ఆకారంగా గాక సంఖ్యగా దాచుకుంటుంది. ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించిన ప్రమాణమే యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. 3072 నుంచి 3199 వరకు గల సంఖ్యలు మనవి. ఇందులో ఐత్వానికి 3144 అనే సంఖ్య ఉన్నది. అయితే ఐత్వాన్ని మనం చేతితో ఎట్లా వ్రాస్తాము? ముందు ఎత్వం పెట్టి, క్రింద తోక తగిలిస్తాము. యూనికోడ్ ఆ పద్ధతినీ అంగీకరించింది. ఎత్వానికి 3142, తోకకు 3158. ఈ రెండూ వరుసగా వస్తే అదీ ఐత్వమే. ఒకటి కలిపిన రూపం, మరొకటి విడదీసిన రూపం. తెరమీద రెండింటికీ తేడా లేదు. తెలుగులో ఇట్లా రెండు సమాన రూపాలు ప్రామాణికంగా గల గుర్తు ఈ ఐత్వం ఒక్కటే.

ఇప్పుడు 'వైరా' అన్న పేరును చూడండి. కలిపిన రూపంలో నాలుగు సంకేతాలు: వకారం, ఐత్వం, రకారం, దీర్ఘం. విడదీసిన రూపంలో అయిదు. 1998లో ఆపిల్ సంస్థ తెచ్చిన హెచ్ఎఫ్ఎస్ ప్లస్ అనే దాపరి పద్ధతి పేర్లను విడదీసి దాచేది. విండోస్, లినక్స్‌లు ఇచ్చినది ఇచ్చినట్లే దాస్తాయి. అమెరికాలో ఉన్న మా పూర్వ విద్యార్థి ఒకరు తన పాత మ్యాక్‌లో వైరా కథనాన్ని దిద్ది, జిప్ చేసి పంపారు. దానిని విప్పి మా లినక్స్ యంత్రంలో చేర్చగానే, అక్కడ 'వైరా' అనే ఫైళ్ళు రెండు కనిపించినవి. ఎంత తేరిపారజూచినా రెండూ ఒకటే పేరు. ఒకటి 12 బైట్లు, రెండవది 15 బైట్లు. 'హైదరాబాద్', 'సైదా', 'మైనారిటీ' అన్న మాటలన్నిటికీ ఈ గండం ఉన్నది. చివరికి 'ఫైలు' అన్న మాటకూ ఉన్నది.

ఉర్దూ విద్యార్థులు ఇది తెలుగువారి బాధ అనుకోవద్దు. మద్ద్ గల అలిఫ్‌కు 1570 అనే ఒక్క సంఖ్య ఉన్నది. అలిఫ్ 1575, మద్ద్ 1619 కలిసినా అదే అక్షరం. ఇది ఐత్వం వంటి చిక్కు. ఇంతకన్న జటిలమైనది కాఫ్ విషయం. అరబీ కీబోర్డు కాఫ్‌కు 1603 ఇస్తుంది, ఉర్దూ కీబోర్డు 1705 ఇస్తుంది. యే అక్షరానికీ అరబీలో 1610, ఉర్దూలో 1740. మాట మధ్యలో ఇవి ఒకేవిధంగా కనిపిస్తాయి. కాని యూనికోడ్ దృష్టిలో ఇవి సమాన రూపాలు కావు, వేర్వేరు అక్షరాలు.

తెలుగులోను ఇటువంటి మారువేషం ఒకటున్నది. 'ఖమ్మం' అన్న మాట చివర పూర్ణానుస్వారానికి బదులు తెలుగు సున్న అంకెను వేసి 'ఖమ్మ౦' అని టైపు చేసేవారున్నారు. చదివేవారికి తేడా తెలియదు. యంత్రానికి మాత్రం ఒకటి అక్షరం, రెండవది అంకె. ఏ సాధనమూ దీనిని తనంతట తాను ఒకటిగా చేయదు. మనిషే దిద్దుకోవాలి.

ఇక 'హైదరాబాద్‌లో' అని వ్రాసినప్పుడు దకారపు పొల్లు, దాని తరువాతి లకారం ఒత్తుగా అతుక్కోకుండా మధ్యలో ఒక అదృశ్య చిహ్నం ఉంచుతాము. దాని సంఖ్య 8204. వ్యాసంలో ఇది అవసరమే. ఫైలు పేరులో మాత్రం ప్రమాదం. ఎందుకంటే పాత మ్యాక్ పద్ధతి ఈ చిహ్నాన్ని లెక్కలోనికి తీసుకోకుండా పేర్లను పోల్చేది. 2014 డిసెంబరులో గిట్‌లో బయటపడిన ఒక తీవ్రమైన లోపానికి ఇదే మూలం. గిట్ తన రహస్య వివరాలు దాచుకునే ఫోల్డరు పేరు మధ్యలో ఈ అదృశ్య చిహ్నాన్ని ఉంచి, లేదా ఆ పేరులో ఒక అక్షరాన్ని పెద్దబడి చేసి, వేరొక ఫోల్డరు వలె భ్రమింపజేసి, దుర్బుద్ధి గలవారు ఇతరుల కంప్యూటరులో తమ ఆజ్ఞలు నడిపించే వీలుండేది. వెంటనే గిట్‌ను సవరించి విడుదల చేశారు. పేర్ల తగాదా కేవలం సౌకర్యానికి సంబంధించినది కాదు, భద్రతకు కూడా సంబంధించినదని దీనివల్ల తెలుస్తున్నది.

పేరు పొడవు

లినక్స్‌లో సాధారణంగా ఒక పేరు 255 బైట్లు మించరాదు. విండోస్‌లో 255 సంకేతాలు మించరాదు. రెండూ ఒకటేననిపిస్తుంది, కాని కావు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరం ఒక బైటు, తెలుగు సంకేతం మూడు బైట్లు. 'కుసుమంచి' అన్న మాటలో గుణింతపు గుర్తులతో కలిపి 8 సంకేతాలు, 24 బైట్లు. ఆ మాటను వరుసగా పదిసార్లు వ్రాస్తే 240 బైట్లు. పదకొండవసారికి లినక్స్ ఒప్పుకోదు. విండోస్ ముప్పైయొక్కసారి దాకా ఒప్పుకుంటుంది. కనుక విండోస్‌లో పెట్టిన పొడవైన తెలుగు పేరు లినక్స్‌లో దిగకపోవచ్చు. తెలుగు వికీపీడియా వ్యాసాల పేర్లకూ ఇదే 255 బైట్ల హద్దు ఉన్నది, అంటే 85 తెలుగు సంకేతాలు.

మేము చక్కదిద్దిన విధం

వ్యాధి తెలిసిన తరువాత చికిత్స కష్టం కాదు. మేము అనుసరించిన క్రమాన్ని చెబుతాము.

మొదటగా, పేర్ల తేడాను పాటించే లినక్స్ యంత్రం మీద కూర్చున్నాము. తేడా తెలియని యంత్రం మీద ఈ పని చేయబూనడం, చూపు ఆనని కళ్ళతో పాఠం దిద్దడం వంటిది. ఫైళ్ళ పేర్లన్నిటినీ జాబితా వేసి, అన్నిటినీ చిన్నబడిలోనికీ, కలిపిన రూపంలోనికీ మార్చి, వరుసలో పెట్టి, రెండుసార్లు వచ్చిన పేర్లను గుర్తించాము. అక్కడే ఒక చిన్న ఆటంకం ఎదురైంది. గిట్ తెలుగు పేర్లను మామూలుగా అక్షరాలుగా చూపదు. 'వ' అనడానికి బదులు 340, 260, 265 అని అంకెలు చూపుతుంది. అమరికలలో 'కోర్ కోట్‌పాత్' అన్నదానిని రద్దు చేయగానే తెలుగు తెలుగుగా కనిపించింది.

రెండవదిగా, ఢీకొన్న ఫైళ్ళ పాఠాలను చరిత్రలోని పాత ప్రతులతో పోల్చి, ఏ పాఠం ఏ పేరుదో నిర్ణయించుకున్నాము. పేరు మార్చడానికి ముందే ఈ పని జరగాలి. లేకపోతే తప్పు పాఠానికి ఒప్పు పేరు పెట్టినవారమవుతాము.

మూడవదిగా పేర్లు మార్చాము. పెద్దబడి అక్షరాన్ని చిన్నబడి చేయడం వంటి మార్పును విండోస్, మ్యాక్‌లలో ఒక్కసారిగా చేస్తే అది మార్పే కాదనిపించవచ్చు. కనుక ముందు పూర్తిగా వేరైన తాత్కాలిక నామానికి, అక్కడినుంచి అసలు నామానికి, రెండు అడుగులలో మార్చడం క్షేమం. విడదీసిన తెలుగు రూపాలను కలిపిన రూపానికి మార్చడానికి 'కన్వ్‌ఎంవీ' అనే ఉచిత సాధనం ఉపకరించింది. మ్యాక్ వాడే సభ్యులకు గిట్‌లో 'ప్రీకంపోజ్ యూనికోడ్' అనే అమరిక 2012 నుంచి ఉన్నది. అది ఉంటే మ్యాక్ విడదీసిన పేర్లను గిట్ తిరిగి కలిపి తీసుకుంటుంది. వికీపీడియాను నడిపే మీడియావికీ కూడా వచ్చిన ప్రతి పేరునూ కలిపిన రూపానికి మార్చి పుచ్చుకుంటుంది. అందువల్లనే అక్కడ ఐత్వపు తేడాతో రెండు వైరాలు ఉండవు.

నాల్గవదిగా, ఫైళ్ళ లోపల ఒకదానినుంచి మరొకదానికి ఇచ్చిన సూచనలన్నిటినీ దిద్దాము. పేరు మార్చి, సూచన మార్చకపోతే బంధువుకు పాత చిరునామాకు ఉత్తరం వేసినట్లే. విండోస్‌లో పెద్దబడి చిన్నబడి తప్పుగా ఉన్నా సూచన పనిచేస్తుంది. అదే సేకరణ లినక్స్ సర్వరు మీదికి వెళ్ళగానే పుట కనిపించదంటుంది. కనుక ఇంట్లో పనిచేసింది గదా అని ఊరుకోరాదు.

అయిదవదిగా ద్వారం దగ్గర కావలి పెట్టాము. ఒకరు పంపిన మార్పులో నిషిద్ధ నామం గాని, ఢీకొనే పేరు గాని ఉంటే ఒక చిన్న తనిఖీ కార్యక్రమం దానిని నిలిపివేస్తుంది. ఇటువంటి కావలిని ప్రతి సభ్యుని కంప్యూటరులోను పెట్టవచ్చు గాని, గిట్ నకలు తీసుకున్నప్పుడు ఆ కావలి వెంట రాదు. కనుక ఉమ్మడి స్థానంలోనే తనిఖీ ఉండాలి.

ఏ భాషలో పేరు పెట్టాలి?

ఈ పని నడుస్తున్నప్పుడు మా మధ్య ఒక వాదం పుట్టింది. తెలుగులో, ఉర్దూలో పేర్లు పెట్టడం వల్లనే ఇన్ని తిప్పలు, ఇకమీదట అంతా ఆంగ్లమే ఉండాలని కొందరన్నారు. ఈ మాట సమంజసం కాదు. మా సేకరణలో నిజంగా పోయిన పాఠం దాదీ మాటలు. అవి పోయినది ఆంగ్లాక్షరాల పేరు వల్లనే. పెద్దబడి చిన్నబడి తేడా మన లిపిలో లేనేలేదు. కాబట్టి తప్పు భాషది కాదు. పదిమంది కలిసి పనిచేస్తూ, పేరు ఎట్లా పెట్టాలో ముందుగా ఒక కట్టుబాటు చేసుకోకపోవడమే తప్పు.

మరి మేము చేసుకున్న కట్టుబాటు ఏమిటి? పరీక్ష హాలులో విద్యార్థికి హాల్‌టికెట్ సంఖ్య ఉంటుంది. అంతమాత్రాన అతని పేరు పోదు. అట్లే ప్రతి ఫైలుకూ యంత్రాల కోసం ఒక గుర్తు, మనుషుల కోసం ఒక శీర్షిక ఉండాలని నిశ్చయించాము. నియమాలు ఇవి:

1. ఫైలు గుర్తులో చిన్నబడి ఆంగ్లాక్షరాలు, అంకెలు, చిన్న అడ్డగీత మాత్రమే ఉండాలి. ఖాళీలు, విరామ చిహ్నాలు ఉండరాదు.

2. అంకెలను 001, 002 అని సమానమైన వెడల్పుతో వ్రాయాలి. లేకపోతే 10 వచ్చి 2కు ముందు కూర్చుంటుంది.

3. డాస్ నాటి నిషిద్ధ నామాలు వాడరాదు.

4. కథనం అసలు శీర్షిక, చెప్పినవారి ఊరు, వ్రాసినవారి పేరు ఫైలు మొదటి పంక్తులలో తెలుగులోనో, ఉర్దూలోనో నిండుగా ఉండాలి. ప్రశ్నార్థకం ఉన్నా బాధ లేదు. ఈ శీర్షికలతోనే విషయసూచిక తయారవుతుంది.

5. ఎక్కడైనా తెలుగులో ఫైలు పేరు తప్పనిసరి అయితే అది కలిపిన రూపంలో ఉండాలి. అదృశ్య చిహ్నం ఉండరాదు. 60 సంకేతాలు మించరాదు.

6. క్రొత్త పేరు పెట్టే ముందు జాబితా చూడాలి.

ఈ ఆరు నియమాలను సేకరణ ముఖద్వారంలోనే తెలుగు, ఉర్దూ, ఆంగ్లం మూడు భాషలలో వ్రాసి ఉంచాము. క్రొత్తగా చేరే విద్యార్థి వాటిని చదివిన తరువాతనే మొదటి ఫైలు చేరుస్తాడు. ఆనాడు పొరపాటు చేసిన విద్యార్థినే ఈ నియమాలకు కాపలాదారుగా నియమించాము. అతనిలో దోషమేమీ లేదు. దారిలో గొయ్యి ఉన్నదని ముందుగా చెప్పని పెద్దలమైన మాదే దోషం.

విద్యార్థులారా! మీలో చాలామంది రేపు ఏదో ఒక కార్యాలయంలోనో, సంస్థలోనో నలుగురితో కలిసి కంప్యూటరు మీద పనిచేయబోతున్నారు. అక్కడ మీ ఫైలును తెరిచేవారి యంత్రం మీ యంత్రం వంటిది కాకపోవచ్చు. ఆ వ్యక్తిని, ఆ యంత్రాన్ని తలచుకొని పేరు పెట్టండి. ఆ మనుమరాలు తన దాదీ పాఠాన్ని ప్రింటు తీయించుకొని ఇంటికి తీసుకొని వెళ్ళింది. మా సేకరణలో ఇప్పుడు దాని గుర్తు ఒక సంఖ్య. లోపల మొదటి పంక్తిలో మాత్రం, ఆ తల్లి పేరు ఆమె ఇంట్లో పిలుచుకున్నట్లే ఉన్నది.